‘కడుపునొప్పి’ వెనక ఏముంది? – మనస్తత్వశాస్త్రం, స్త్రీవాదం, దళిత స్త్రీ

తాడిపత్రి బస్టాండు దగ్గర టీ అంగట్లో కూర్చుని దినపత్రిక జిల్లా పేజీలు తిరగేసేవాళ్లకు బాగా తెలిసిన వార్త ఒకటుంది. రెండు మూడు వాక్యాలకు మించదు. ఫలానా వూరి వివాహిత కడుపునొప్పి తాళలేక ప్రాణం తీసుకుందని వుంటుంది. చదివినవాళ్లు ‘అయ్యో పాపం’ అని పేజీ తిప్పుతారు. ఆ కడుపునొప్పిని నిజంగా నమ్మేవాళ్లు ఎంతమంది? రాసినవాళ్లకు అనుమానమే, చదివినవాళ్లకు అనుమానమే, శవాన్ని మోసిన బంధువులకూ అనుమానమే. అయినా ఏళ్ల తరబడి తెలుగు పత్రికల్లో అదే మాట అచ్చవుతూ వచ్చింది.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు నిలబడింది? ఒక కారణం చట్టం. 1983లో నేరచట్టాలను సవరించి భార్యను హింసించడాన్ని నేరం చేశారు. పెళ్లయిన ఏడేళ్లలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకుంటే ప్రత్యేక విచారణ జరగాలన్నారు. అత్తింటివాళ్లకు కేసు భయం. పుట్టింటివాళ్లకు మిగిలిన పిల్లల భవిష్యత్తు, పరువు భయం. పెద్దమనుషుల పంచాయితీ అయ్యాక అందరికీ పనికొచ్చే మాట ‘కడుపునొప్పి’. దానికి ముద్దాయి వుండడు.

రెండో కారణం మరింత లోతైనది. మన సమాజంలో ఆడమనిషికి శరీరం నొప్పి పుట్టడానికి అనుమతి వుంది, మనసు నొప్పి పుట్టడానికి లేదు. కాళ్లు పీకుతున్నాయంటే ఆరెంపీ డాక్టరు సూది వేస్తాడు. బతకబుద్ది కావడం లేదంటే ‘తిన్నది అరక్క’ అంటారు. అందుకే ఆమె కూడా తన బాధను శరీరం భాషలోకి మార్చి చెప్పడం నేర్చుకుంటుంది. ఆ మాటను మేము కొట్టిపారేయడం లేదు. నిజమైన కడుపునొప్పులు కూడా వుంటాయి. వైద్యం అందని పుండ్లు, గర్భసంచి జబ్బులు, వరస కాన్పుల తర్వాత వచ్చే బాధలు మన పల్లెల్లో తక్కువేం కాదు. వాటినీ ఎవరూ పట్టించుకోలేదన్నదే ఆ వార్తలో రెండోసారి దాగే సంగతి.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదీ: ‘ఈమె మనసుకు ఏం రోగం?’ అని పాత మనస్తత్వశాస్త్రం అడిగింది. ‘ఈమెకు ఏం జరిగింది?’ అని స్త్రీవాదులు ఆ ప్రశ్నను మార్చారు. దళిత స్త్రీ వైపు నుంచి చూసినప్పుడు దానికి ముందు ఇంకో ప్రశ్న వస్తుంది. ‘అసలు ఈమెకు మనసు వుందని ఎవరు ఒప్పుకున్నారు?’

రోగం పేరు పెట్టే అధికారం

మనసుకు సంబంధించిన శాస్త్రం ఎప్పుడూ తటస్థంగా లేదు. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టరు నల్లజాతి బానిసలకు ఒక కొత్త రోగం కనిపెట్టాడు. దాని పేరు ‘డ్రాపెటోమేనియా’. లక్షణం ఏమిటంటే యజమాని దగ్గరి నుంచి పారిపోవాలనిపించడం! బానిసత్వం మామూలు, స్వేచ్ఛ కోరడం పిచ్చి. ఇది వింటే మనకు నవ్వొస్తుంది. కానీ ఎదురు మాట్లాడిన జీతగాడికి ‘మదమెక్కింది’ అనే పేరు పెట్టిన వూళ్లు మనవే గదా.

ఆడవాళ్ల విషయంలో ఈ పేరు పెట్టే పని ఇంకా పాతది. ‘హిస్టీరియా’ అనే మాటకు మూలం గర్భసంచి అనే అర్థమున్న గ్రీకు మాట. ఆడదాని అలజడికంతా గర్భసంచే కారణమని యూరప్ వైద్యులు శతాబ్దాల పాటు నమ్మారు. 1900లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ దగ్గరికి పద్దెనిమిదేళ్ల అమ్మాయిని తండ్రి తీసుకొచ్చాడు. గొంతు పోవడం, దగ్గు, దిగులు. తండ్రి స్నేహితుడొకడు తనమీద చెయ్యి వేశాడని, తను చెప్పినా ఇంట్లో నమ్మలేదని ఆమె చెప్పింది. ఆ సంఘటన జరిగిందని ఫ్రాయిడ్ నమ్మాడు. కానీ ఆమెకు కలిగిన అసహ్యమే రోగ లక్షణమన్నాడు. లోలోపల ఆమెకూ ఇష్టమేనని వ్యాఖ్యానించాడు. సుమారు పదకొండు వారాలకు ఆ అమ్మాయి వైద్యం మానేసి లేచిపోయింది. ‘డోరా’ అనే మారుపేరుతో 1905లో అచ్చయిన ఈ కేసును తర్వాత స్త్రీవాదులు మళ్లీ మళ్లీ చదివారు. ఆమె లేచిపోవడమే ఆమె ఇచ్చిన జవాబు అన్నవాళ్లూ వున్నారు.

ఇదంతా ఎక్కడో వియన్నా సంగతి అనుకోవద్దు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం. రాష్ట్రాలన్నిట్లో ఎక్కువ. కాన్పుల వయసు దాటకముందే నడుంనొప్పికి, తెల్లబట్టకు, కడుపునొప్పికి ‘సంచి తీసేస్తే సరిపోతుంది’ అనే వైద్యం మన కూలి ఆడవాళ్లకు బాగా పరిచయం. ఆమె బాధకు ఆమె శరీరంలోనే దోషం వెదికే అలవాటు పోలేదు. ఒకప్పుడు మాటలో వున్నది ఇప్పుడు కత్తిలో వుంది.

స్త్రీవాదులు ఏం మార్చారు?

ఫ్రాయిడ్ వున్న రోజుల్లోనే కేరెన్ హార్నై అనే మనోవిశ్లేషకురాలు అడ్డం తిరిగింది. ఆడవాళ్లకు మగ అవయవం లేదన్న అసూయ వుంటుందని ఫ్రాయిడ్ అన్నాడు. ఆడవాళ్లు కోరుకునేది మగవాడి అవయవం కాదు, సమాజంలో అతనికున్న అధికారం అని 1920లలోనే ఆమె వాదించింది. 1968లో నయోమీ వైస్‌స్టైన్ ఇంకా సూటిగా చెప్పింది. స్త్రీలు ఎట్లాంటివాళ్లో మనస్తత్వశాస్త్రానికి తెలియనే తెలియదని, మనిషి చుట్టూ వున్న పరిస్థితిని చూడకుండా లోపలి గుణాలను మాత్రమే వెదకడం వల్ల ఈ గతి పట్టిందని ఆమె విమర్శ.

1970లో ఇంగే బ్రోవర్‌మన్, ఆమె సహచరులు చేసిన అధ్యయనం చిన్నదే గానీ గట్టిది. మానసిక వైద్య రంగంలో పనిచేసే 79 మందికి గుణాల జాబితా ఇచ్చారు. కొందరిని ‘ఆరోగ్యవంతుడైన మగవాడు’ ఎట్లా వుంటాడో, కొందరిని ‘ఆరోగ్యవంతురాలైన స్త్రీ’ ఎట్లా వుంటుందో, మిగిలినవాళ్లను ఆడ మగ తేడా చెప్పకుండా ‘ఆరోగ్యవంతమైన వయోజన మనిషి’ ఎట్లా వుండాలో గుర్తించమన్నారు. మనిషికి, మగవాడికి పెట్టిన గుణాలు దాదాపు ఒకటే. స్త్రీ మాత్రం వేరు. ఆమె ఎక్కువ లొంగివుండేది, తక్కువ స్వతంత్రం గలది, చిన్న విషయానికి కలవరపడేది. అంటే ఆమె మంచి ఆడదిగా వుంటే ఆరోగ్యవంతమైన మనిషి కాదు. ఆరోగ్యవంతమైన మనిషిగా వుంటే మంచి ఆడది కాదు. ఎటుపోయినా రోగమే.

‘జెండర్’ అనే మాట ఈ చర్చల్లో బలపడింది. పుట్టుకతో వచ్చే శరీరం ఒకటి, ఆ శరీరానికి సమాజం నేర్పే నడక, మాట, సిగ్గు, కోపం, పని ఇంకొకటి. ఆడపిల్ల గట్టిగా నవ్వితే కసరడం, మగపిల్లాడు ఏడిస్తే ‘ఆడపిల్ల మాదిరి ఏడుస్తావేందిరా’ అనడం – ఇవన్నీ పాఠాలే. కోపం మగవాడికి, కన్నీళ్లు ఆడదానికి అని పంచిపెట్టేశాక, ఆడవాళ్లలో దిగులు ఎక్కువెందుకని శాస్త్రం ఆశ్చర్యపోతుంది!

టీచర్లు గుర్తుంచుకోదగ్గ సంగతి ఒకటి. వైస్‌స్టైన్ తన వాదానికి రాబర్ట్ రోసెంతాల్ ప్రయోగాలను ఆధారం చేసుకుంది. ఈ పిల్లలు బాగా పైకొస్తారని టీచర్లకు ముందే చెబితే, లెక్కాపత్రం లేకుండా ఎంపిక చేసిన ఆ పిల్లలే కొన్ని తరగతుల్లో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారని 1968లో రోసెంతాల్, లెనోర్ జాకబ్‌సన్ ప్రకటించారు. ఆ ప్రభావం ఎంత అన్నదానిపై తర్వాత వాదాలు నడిచాయి. కానీ ‘ఈ ఎస్సీ పిల్లకు లెక్కలు యాడొస్తాయి’ అని మొదటిరోజే తేల్చేసే తరగతి గదిలో కూర్చున్నవాళ్లకు ఈ ప్రయోగం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు.

మన దేశంలో ఈ పని చేసినవాళ్లలో తెలుగునేలతో సంబంధం వున్నవాళ్లు ముఖ్యులు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి యు. వింధ్య స్త్రీల మానసిక క్షోభను, గృహహింసను స్త్రీవాద దృష్టితో పరిశోధించారు. హైదరాబాదులో అన్వేషితో కలిసి పనిచేసిన భార్గవి దావర్ 1999లో భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యంపై పుస్తకం రాశారు. ఆమె ఎత్తిచూపిన ఒక సంగతి కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. స్కిజోఫ్రినియా వంటి తీవ్రమైన జబ్బులు ఆడ మగలలో ఇంచుమించు సమానంగా వుంటాయి. దిగులు, ఆందోళన వంటి సాధారణ బాధలు మాత్రం ఆడవాళ్లలో బాగా ఎక్కువ. ఆడపుట్టుకే కారణమైతే అన్ని జబ్బులూ ఎక్కువ వుండాలి గదా? బతుకు పరిస్థితితో గట్టిగా ముడిపడ్డ బాధల్లోనే తేడా ఎక్కువగా వుందంటే, వెదకాల్సింది బతుకులో.

ఏ స్త్రీ?

ఇక్కడిదాకా స్త్రీవాదులతో మాకు పేచీ లేదు. పేచీ తర్వాత మొదలవుతుంది. ఈ శాస్త్రం ‘స్త్రీ’ అన్నప్పుడు ఎవరు కళ్లముందుకొచ్చారు? పడమటి దేశాల్లో నాలుగు గోడల మధ్య వుక్కిరిబిక్కిరైన మధ్యతరగతి తెల్ల గృహిణి. మన దగ్గర గడప దాటనివ్వని అగ్రకుల ఇల్లాలు. ఆమె బాధ అబద్ధం కాదు. కానీ మాల మాదిగ ఆడమనిషికి గడప దాటకపోతే పూట గడవదు. ఆమెను ఇంట్లో బంధించలేదు, చేలోకి తరిమారు. ‘లొంగివుండేది, సుకుమారమైనది’ అనే గుణాలు ఆమెకు ఎవరూ అంటగట్టలేదు. ఆమెకు పెట్టిన పేర్లు వేరు. గయ్యాళి, మొండిది, నోరుగలది, సిగ్గులేనిది.

ఈ పేర్లు ఏం పని చేస్తాయో చూడాలి. సుకుమారి అన్న పేరు ఒక స్త్రీని ఇంట్లో కూర్చోబెడుతుంది. మొండిది అన్న పేరు ఇంకో స్త్రీతో బండలు మోయిస్తుంది. మొండిదానికి నొప్పి తెలియదని, దాని మీద చెయ్యి వేసినా అది ‘పెద్దగా అనుకోదు’ అని నమ్మించే పేరు ఇది. అత్యాచారం కేసు కోర్టుకొచ్చినప్పుడు ఇదే నమ్మకం ప్రశ్నల రూపంలో ఎదురవుతుంది. ఆడదానికి పెట్టిన రెండు పేర్లూ ఒకే వ్యవస్థ పెట్టినవి. కులం ఆడదాని నియంత్రణ మీదే నిలబడిందని అంబేద్కర్ 1916లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన వ్యాసంలో చూపించారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం కులం బయటకు పెళ్లి పోకుండా కట్టిన కట్టలని ఆయన వివరించారు. కొందరు స్త్రీల ‘పవిత్రత’ను కాపాడే వ్యవస్థే ఇంకొందరు స్త్రీలను అందరికీ అందుబాటులో పెట్టింది. అనంతపురం, కర్నూలు, బళ్లారి ప్రాంతాల్లో దళిత ఆడపిల్లలను దేవత పేరుతో బసివిరాళ్లుగా వదిలిన ఆచారం అందుకు సాక్ష్యం. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం చేయాల్సి వచ్చింది.

1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో ఏం జరిగింది? మాదిగపల్లె తాగే చెరువు నీళ్లను మురికి చేస్తుంటే ఒకరు అభ్యంతరం చెప్పారు. కొట్టబోయినవాళ్లకు అడ్డంగా మున్నంగి సువార్తమ్మ తన బిందె ఎత్తింది. అక్కడ ఒక మనిషి తన్ను తాను కాపాడుకుంది. బ్రోవర్‌మన్ జాబితాలో అది ‘ఆరోగ్యవంతమైన మనిషి’ గుణం. వూరి పెద్దకులానికి అది ‘పొగరు’గా కనబడింది. ఆ పొగరుకు శిక్షగా మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. స్త్రీవాద మనస్తత్వశాస్త్రం ‘ఎదిరించే శక్తి’ గురించి ఎంతైనా రాయొచ్చు. ఎదిరిస్తే ఎవరికి ఎంత మూల్యమో లెక్క వేయకపోతే ఆ రాత సగమే.

1995లో గోపాల్ గురు దళిత స్త్రీలు వేరుగా ఎందుకు మాట్లాడుతున్నారో రాశారు. 1998లో శర్మిలా రేగే దాన్ని ముందుకు తీసుకెళ్లి, ఆ తేడాను కేవలం తేడాగా వదలకుండా దళిత స్త్రీ నిలబడ్డ చోటు నుంచి అందరి సంగతీ చూడాలన్నారు. తెలుగులో చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, గోగు శ్యామల, ఎం.ఎం. వినోదిని వంటివాళ్లు స్త్రీవాదంలోని కులాన్ని, దళిత ఉద్యమంలోని మగతనాన్ని రెండింటినీ నిలదీశారు.

ఈ రెండోది మనవాళ్లకు మింగుడుపడదు. పగలంతా రెడ్డి ముందు చేతులు కట్టుకున్నవాడు రాత్రి తాగొచ్చి పెళ్లాన్ని కొడతాడు. అవమానం కిందికి జారుతుందని చెప్పడానికి ఫానన్ దాకా పోనక్కర్లేదు. వలస పాలనలో మనిషి కోపం యజమాని మీదికి పోలేక తోటివాడి మీదికి తిరుగుతుందని అల్జీరియాలో మానసిక వైద్యుడుగా పనిచేసిన ఆయన వివరించాడు. కానీ వివరణ వేరు, క్షమాపణ వేరు. ఆమెకు కూడా పగలు అవమానం జరిగింది. ఆమె ఎవరిని కొట్టింది?

తాడిపత్రి చుట్టుపక్కల ఒక దినం

పెన్న ఒడ్డున తాడిపత్రి వుంది. చింతల వెంకటరమణ గుడి, బుగ్గ రామలింగేశ్వర గుడి చూడటానికి జనం వస్తారు. వూరి చుట్టూ బండల గనులు, పాలీషు షెడ్లు. ఇళ్లల్లో పరిచే నల్ల నాపబండకు తాడిపత్రి పేరు మోసింది. ఆ బండను ఎత్తి, దించి, దుమ్ములో నిలబడేవాళ్లలో కూలి ఆడవాళ్లూ వున్నారు. పల్లెలకు పోతే శెనక్కాయ చేలు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. అది కూడా అదునుకు పడదు. కరువొస్తే బెంగుళూరు బస్సు.

ఎస్సీ కాలనీలో ఆడమనిషి దినం తెల్లారకముందే నీళ్ల బిందెతో మొదలవుతుంది. వంట, పిల్లోళ్లు, ఆ తర్వాత కూలి. మగకూలి కంటే ఆడకూలి తక్కువ. సాయంత్రం మళ్లీ పొయ్యి. రాత్రి మొగుడు ఏ మూడ్‌లో వస్తాడో తెలియని భయం. ఫ్యాక్షను వున్న వూళ్లలో మగవాళ్లు ఏ రాత్రి ఇంటికి రారో అన్న భయం కూడా. ఆమెను ‘మానసికంగా ఎట్లా వున్నావు’ అని అడిగితే అర్థం కాదు. ‘ఒళ్లు ఎట్లుందమ్మా’ అని అడిగితే చెబుతుంది. పొద్దున లేస్తానే తలకాయ నొప్పి, గుండెల్లో దడ, కాళ్లు గుంజుతాయి, అన్నం దిగదు, నిద్ర రాదు, ఏందో దిగులు. ఇది చదువులేనితనం కాదు. ఆమె చెబుతున్నది దాదాపు డాక్టర్ల పుస్తకంలోని డిప్రెషన్ లక్షణాలే, తన భాషలో. శరీరాన్ని మనసునూ విడదీసింది పుస్తకాలు. దిగులు అనే మన మాట రెండింటినీ పట్టుకుంటుంది.

జాతరలో అమ్మవారి ముందు పూనకం వచ్చినప్పుడు అదే మనిషి మొగుణ్ణి, మామను, వూరి పెద్దను పేరు పెట్టి తిడుతుంది. వాళ్లు చేతులు జోడించి వింటారు. హేతువాదులు దాన్ని మూఢనమ్మకమంటారు, డాక్టర్లు మరో పేరు పెడతారు. మేము అడిగేది ఒకటే. ఏడాది పొడుగునా ఆమె మాట వినని ఇల్లు ఆ ఒక్కపూట ఎందుకు వింటుంది? దేవత నోటితో తప్ప ఆమె నోటితో కోపం పలకడానికి వీల్లేకపోవడమే అసలు జబ్బు. అయితే పూనకాన్ని విముక్తి అని పొగడటం కూడా పొరపాటే. జాతర మర్నాడు ఆమె మళ్లీ ఆ ఇంటికే పోవాలి.

కరువులో మగరైతు ఆత్మహత్య చేసుకుంటే ఆమె దుఃఖానికి కూడా కాగితాలు కావాలి. 2004లో వచ్చిన 421 నంబరు జీవో ప్రకారం బాధిత కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి యాభై వేలు అన్నారు. తర్వాత మొత్తం పెరిగింది. కానీ అది రైతు ఆత్మహత్యేనని కమిటీ తేల్చాలి. పట్టా, అప్పు పత్రాలు, పోస్టుమార్టం రిపోర్టు చూపాలి. భూమి లేని, నోటిమాట కౌలు చేసిన దళిత కుటుంబానికి పట్టా ఎక్కడిది? ఇక చేలో పనిచేసే ఆడమనిషే ప్రాణం తీసుకుంటే లెక్కల్లో ఆమె చాలాసార్లు రైతూ కాదు, కూలీ కాదు, ‘గృహిణి’. జాతీయ నేర గణాంక సంస్థ పట్టికల్లో ముందుండే కారణాలు రెండు – కుటుంబ సమస్యలు, అనారోగ్యం. కడుపునొప్పికి ప్రభుత్వ భాషలో పేరు అదే.

మందా, మాటా?

అయితే ఏం చేయాలి? మందులు వద్దని మేము అనం. నిద్ర పట్టని మనిషికి మందు వల్ల నిద్ర పడితే అది చిన్న మేలు కాదు. పక్కనే వున్న బళ్లారి జిల్లాలో 1980లలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా మానసిక వైద్యం ఇచ్చే నమూనా తయారుచేశారు. 1996లో దాని ఆధారంగా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైంది. అందులో మెదక్ ఒకటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో వున్నట్టు భావించాలే తప్ప శిక్షించరాదని చెప్పింది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలిమానస్‌లో తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఈ సంగతులు కాలనీల్లో చెప్పాలి.

కానీ బిళ్ల వేసుకున్న మనిషి తిరిగి అదే కూలికి, అదే దెబ్బలకు పోతే బిళ్ల ఎంతకాలం పనిచేస్తుంది? స్త్రీవాదులు కనిపెట్టిన వైద్యం గుంపుగా కూర్చుని మాట్లాడుకోవడం. నాకొక్కదానికే అనుకున్నది అందరికీ జరుగుతున్నదని తెలిసినప్పుడు సిగ్గు కోపంగా మారుతుంది. మనకు దీనికి సొంత వుదాహరణ వుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల్లో కూడిన ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. వాళ్లలో దళిత, వెనుకబడిన కులాల కూలి స్త్రీలే ముందున్నారు. ఆ వుద్యమం రాయలసీమకూ పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారన్నదీ నిజమే. అయినా ‘నా మొగుడు తాగుతాడు, నా ఖర్మ’ అన్న మాట ‘ప్రభుత్వం తాగిస్తోంది’ అన్న మాటగా మారింది. ఆ మార్పును ఏ ఆస్పత్రీ ఇచ్చి వుండేది కాదు.

కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు చేయగలిగిన పనులు పెద్దవి కావు, కానీ ఎవరూ చేయనివి. బాధ చెప్పిన ఆడమనిషికి వెంటనే సలహా ఇవ్వకుండా వినడం. ఆమె వాడిన మాటను – దిగులు, దడ, గాలి – కొట్టిపారేయకుండా అదెప్పుడు మొదలైందో, ఆ రోజుల్లో ఇంట్లో, పనిలో ఏం జరిగిందో అడగడం. ఇప్పుడు ఇంట్లో క్షేమంగా వుందా అని అడగడం. బతకాలని లేదన్న మాట వినబడితే దాచిపెట్టకుండా నమ్మకమైన మనిషిని, వైద్యాన్ని దగ్గర చేయడం. మొండిది, గయ్యాళి అన్న మాటలు మన సంఘాల సమావేశాల్లో వినబడితే అక్కడే ఆపడం. నష్టపరిహారం కాగితాలు, కూలి లెక్క, పోలీసు ఫిర్యాదు కూడా మానసిక ఆరోగ్యం పనే అని గుర్తించడం.

ఇంకో పని. ఈసారి మీ మండలంలో ‘కడుపునొప్పి’ వార్త వస్తే దాన్ని కత్తిరించి దాచండి. తేదీ, వూరు రాసుకోండి. కొన్నాళ్లాగి, ఆ ఇంటి దుఃఖానికి మర్యాద ఇస్తూ, పక్కింటి ఆడవాళ్లతో కూర్చోండి. ఆమె ఏం పని చేసేది, ఎవరితో మాట్లాడేది, ఆస్పత్రికి ఎన్నిసార్లు పోయింది, అక్కడ ఏమన్నారు? పేర్లు బయటపెట్టొద్దు. ఆ జవాబులను ఒక నోటుబుక్కులో రాయండి. మన ఆడవాళ్ల మనసు గురించిన శాస్త్రం అక్కడి నుంచి మొదలు కావాలని మేము అనుకుంటున్నాం.